రెండవ బిడ్డయు, తల్లి నెత్తురును



నేను నేడు ముచ్చటింపబోవునది పురిటింటి సంగతి. ఇవి ఆడవారి మాటలని తలచి పురుషులు లేచిపోవుదురేమో! వారు దయచేసి కూర్చుండవలెను. ఈ కథలో తండ్రి నెత్తురునకు గూడ పాలు కలదు. అది ఎట్లో కొంతసేపటికి చెప్పెదను.

మొదటి కాన్పు అనగా ఇంటిల్లిపాదికిని భయము. రెండవ కాన్పు అనగా అందరికిని ఒక ధీమా. అటకమీది ఉయ్యాల క్రిందికి దిగును. పెద్దపిల్ల విడిచిన చిన్న చొక్కాలు ఉతికి ఎండవేయుదుము. పాత నూలుచీరలు చింపి పొత్తిళ్ళు మడచుదుము. వైద్యురాలిని అడుగవలసిన ప్రశ్నలు గూడ తగ్గిపోవును. "నీకు తెలియనిదేమున్నదమ్మా, రెండోదే కదా" అని ఆమెయు నవ్వును. నాకు ఈ ధీమా నిండుగా ఉండెను. నా దిగులంతయు పెద్దపిల్లను గూర్చియే. నాలుగేండ్లు ఒక్కతెయే నా ఒడిలో పెరిగినది; ఆ ఒడిని రేపు పంచుకొనవలసి వచ్చినప్పుడు చిన్నబుచ్చుకొనునేమో యని. అందుకై రాత్రులు దానిని ప్రక్కలో పరుండబెట్టుకొని, పుట్టబోవు బిడ్డ తన్నుచున్నప్పుడెల్ల దాని చేయి తీసి నా కడుపుపై ఉంచుచుంటిని. "తమ్ముడు తలుపు కొడుతున్నాడు" అని అది నవ్వెడిది. తమ్ముడే యని దానికెవరు చెప్పిరో తెలియదు గాని, తమ్ముడే పుట్టెను.

ఇక్కడ కొంచెము వెనుకకు పోవలెను. పెద్దపిల్ల 2013వ సంవత్సరమున మా పుట్టినింట పుట్టినది. ఒక చిన్న పట్టణమున, ఒక చిన్న ఆసుపత్రిలో. కాన్పు సుఖముగనే జరిగెను. మూడవనాడు ఇంటికి వచ్చితిమి. వచ్చునప్పుడు చేతికిచ్చిన కాగితమున నా రక్తపు తరగతి 'బి పాజిటివ్' అని వ్రాసియుండెను. నేను దానిని బీరువాలో బంగారపు రశీదులతోపాటు దాచితిని. రెండవ కాన్పు మా వాడుక ప్రకారము అత్తవారింట, తెనాలిలో జరుగవలెనని నిశ్చయమైనది. అక్కడ వైద్యశాలలో నా రక్తపు తరగతి అడిగినప్పుడు ఆ కాగితము చూపితిని. వారు చూచి, తమ పుస్తకమున ఎక్కించుకొనిరి. రక్తము తీసి చక్కెర చూచిరి, నెత్తురు బలము చూచిరి. తరగతిని మాత్రము మరల చూడలేదు. ఒక కాగితపు తప్పును మరియొక కాగితము నమ్మెను. అంతే జరిగినది. అందులో ఎవరి దుర్బుద్ధియు లేదు. ఏ ఆసుపత్రి పేరును చెప్పుట నా యుద్దేశమును గాదు.

2017వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒక రాత్రి ఎనిమిది గంటలకు పిల్లవాడు పుట్టెను. తూకము రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. గట్టిగా ఏడ్చెను, పాలు త్రాగెను, నిద్రించెను. మరునాడు ఉదయము ప్రొద్దెక్కిన పిమ్మట మా అత్తగారు కాఫీ తీసికొని వచ్చి, పిల్లవానిని ఎత్తుకొని, ఏమియు మాటాడక కిటికీయొద్దకు పోయిరి. అచ్చట నిలువబడి, వాని ముక్కు కొనను వ్రేలితో మెల్లగా నొక్కి తీసిరి. నొక్కిన చోట చర్మము తెల్లబోవుటకు మారు పసుపు పూసినట్లు కనబడెను. మరల నుదుట నొక్కిరి. రొమ్ముపై నొక్కిరి.

చూడవచ్చిన బంధువులు నలుగురుండిరి. "పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలే, పొద్దుటి ఎండలో పడుకోబెట్టండి" అని ఒకరు. "నేల ఉసిరి ఆకు నూరి తల్లికి ఇవ్వండి" అని మరియొకరు. పసరు కట్టు కట్టువారు ఫలానా ఊరిలో ఉన్నారని ఇంకొకరు. నేనును ఎండయే చాలుననుకొంటిని. పెద్దపిల్లకు గూడ మూడవనాడు కొంచెము పచ్చబడి, వారము తిరుగకుండ తగ్గిపోయినది గదా!

మా అత్తగారు వారి మాటలేవియు వినలేదు. "నిన్న రాత్రి పుట్టినవాడికి ఇవాళ పొద్దుటికే పచ్చనేమిటే?" అని నావైపు తిరిగిరి. వారి ముఖము చూచి నాకు భయము కలిగెను. వారికి 1974వ సంవత్సరమున పుట్టిన బిడ్డయొకడు పుట్టిననాడే పచ్చబడి, నాలుగవనాటికి పాలు మాని, విల్లువలె వెనుకకు వంగి పోయినాడట. ఆ సంగతి వారు నాకు అంతవరకు చెప్పియుండలేదు. ఆ దినము గూడ చెప్పలేదు. ఎన్నో నెలలకు, పిల్లవానికి నూనె రాచుచు చెప్పిరి. ఆ ఉదయము మాత్రము బిడ్డనెత్తుకొని వరండా వెంట తామే వైద్యుని గదికి నడచిరి.

శ్రోతలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెనని నా ప్రార్థన. నెలలు నిండి పుట్టిన పిల్లలలో సగముకన్న ఎక్కువమందికి రెండవ మూడవ దినములలో కొంచెము పచ్చబడును. గర్భములో నున్నప్పటి ఎర్రకణములు అధికముగా నుండుటచేతను, కాలేయమునకు ఇంకను పని అలవడకపోవుటచేతను అది వచ్చి, చాలమందికి దానంతటనే పోవును. కాని మొదటి ఇరువదినాలుగు గంటలలో వచ్చు పచ్చదనము ఆ జాతిది కాదు. అది లోపల ఎర్రకణములు వేగముగా పగిలిపోవుచున్నవని తెలుపు గుర్తు కావచ్చును. ఆ రెంటిని ఒకే పేరున 'కామెర్లు' అని పిలుచుటయే మన ఇండ్లలో పొరపాటునకు మూలము. పచ్చదనము చూచుటకు దీపపు వెలుతురు పనికిరాదు. పగటి వెలుతురున వ్రేలితో నొక్కి చూడవలెను. చామనచాయ పిల్లలకు కనుగ్రుడ్డు తెల్లన, చిగుళ్ళు చూడవలెను.

వైద్యుడు పిల్లవాని మడమనుండి రక్తము తీయించెను. నా రక్తమును గూడ తీయించెను. గంట గడచిన పిమ్మట ఆయన చేత రెండు కాగితములు పట్టుకొని వచ్చి, "అమ్మా, మీది బి నెగటివ్" అనెను. నాకా మాటలోని భారము తెలియలేదు. బీరువాలోని కాగితమునందు వేరుగా నున్నదని వాదించితిని గూడ! పిల్లవానిది బి పాజిటివ్, బిలిరూబిన్ పదకొండు. ఆ పదార్థమే చర్మమునకు పసుపు వన్నె తెచ్చునది. పుట్టి పదునాలుగు గంటలైన బిడ్డకు పదకొండు అనగా చాల ఎక్కువ. గుంటూరు పోవలెననిరి.

తెనాలినుండి గుంటూరునకు సుమారు పాతిక కిలోమీటర్లు. నారాకోడూరు దాటునప్పటికి నాకు ఆ దారి కాశీ దారియంత దూరమైనది. వాడు నిద్రించుచుండెను. లేపి పాలిచ్చినచో రెండు గుక్కలు పీల్చి మరల నిద్రించుచుండెను. బుద్ధిమంతుడు, ఏడ్వడు, అని మేము ఉదయమంతయు మెచ్చుకొనిన నిద్ర అది! బిలిరూబిన్ మితిమీరినచో మెదడులోనికి చొరబడును. మొదట మత్తు, పాలయందు అయిష్టము. పిమ్మట కీచుమను ఏడుపు. ఆపైని ఒడలు విల్లగుట. బ్రదికినను వినికిడి పోవచ్చును, కాలుసేతులు స్వాధీనము తప్పవచ్చును. ఇవి నాకప్పుడు తెలియవు. తెలిసియుండినచో ఆ పాతిక కిలోమీటర్లు ఎట్లు కూర్చుండియుందునో!

గుంటూరున పిల్లవానిని నీలి దీపముల క్రింద ఉంచిరి. మా వైపున దీనిని 'బాక్సులో పెట్టుట' అందురు. కన్నులకు గంతలు, మొలకు చిన్న గుడ్డ, తక్కిన ఒడలంతయు వెలుతురున. వాడు సముద్రపు అడుగున పరుండినట్లుండెను. ఈ దీపము పుట్టిన కథ ఆ తరువాత ఎంతో కాలమునకు చదివి తెలిసికొంటిని, మీకును చెప్పవలెననిపించుచున్నది.

ఇంగ్లండు దేశమున ఎసెక్సు సీమలో రోచ్‌ఫర్డ్ అను చోట నొక ఆసుపత్రి ఉండెను. అచ్చట నెలలు నిండని పిల్లల విభాగమునకు జీన్ వార్డ్ అను నర్సు పెద్ద. ఎండ కాచిన దినములలో ఆమె ఆ పసివాండ్రను తోటలోనికి తెచ్చి కొంతసేపు ఉంచెడిదట. 1956వ సంవత్సరమున నొకనాడు ఆమె ఒక బిడ్డను వైద్యులకు చూపెను. ఒడలంతయు తెల్లబడియుండగా ఒక్కచోట మాత్రము ముదురు పసుపు పచ్చన. ఆమె ఏదైన పూసినదేమోయని వైద్యులనుకొనిరట! పూసినదేమియు లేదు. అది దుప్పటి కొన కప్పిన చోటు. ఎండ తగులని చోటు. ఆ మీద కొన్నివారములకు, ఎండలో మరచిపోయిన ఒక రక్తపు గొట్టమునందు గూడ బిలిరూబిన్ తగ్గియుండుట కనుగొనిరి. క్రెమర్, పెరీమన్, రిచర్డ్సు అను మువ్వురు కృత్రిమ దీపములతో ప్రయోగించి 1958వ సంవత్సరమున ప్రకటించిరి. వెలుతురు, అందును ముఖ్యముగా నీలి వెలుతురు, చర్మములోని బిలిరూబిన్ రూపును మార్చును; రూపు మారినది నీటిలో కరగి, కాలేయము దానిని మార్పనక్కరలేకయే, మలమూత్రములగుండ వెలుపలికి పోవును.

ఈ కథ మా అత్తగారికి చెప్పగా వారు, "చూశావా, ఎండ అన్నవాళ్ళను అందరూ నవ్వారు" అనిరి. నిజమే, ఎండ యనిన ముత్తవ్వలు వట్టి మూఢులు కారు. కాని ఎండకు కొలత లేదు. కిటికీ వద్ద దొరకు పావుగంట ఎండ, వేగముగా పెరుగుచున్న కామెర్లకు చాలదు. బట్టలు విప్పి ఎక్కువసేపు ఉంచినచో పసిఒడలు కమలును, లేదా చల్లబడును, నీరసించును. దీపమునకు కొలత కలదు. దానిక్రింద ఉంచి నాలుగేసి ఆరేసి గంటలకు రక్తము చూచెదరు. కావున తగ్గుచున్నదో పెరుగుచున్నదో తెలియును. పసరుమందులకును వాతలకును ఆపాటి గౌరవము గూడ నేనీయజాలను. అవి కాలమును మ్రింగును. ఈ జబ్బులో కాలమే ముఖ్యము.

మా వానికి తగ్గలేదు. ఆరు గంటలకు పదునైదైనది. ఎర్రకణములు పగులుచున్నందున నెత్తురు బలము గూడ తగ్గుచుండెను. రక్తము మార్చవలెననిరి.

మార్చుట యనగా ఎక్కించుట కాదు. బొడ్డులోని సిరలోనికి సన్నని గొట్టము పంపి, పది మిల్లీలీటర్లు బయటికి తీసి, పది మిల్లీలీటర్లు లోనికి పంపుచు, రెండు గంటలసేపు అట్లే చేసెదరు. ఆ పసిఒంటిలోని నెత్తురంతయు కలిపి ఒక గ్లాసెడు; మార్చుటకు దానికి రెండింతలు, సుమారు 450 మిల్లీలీటర్లు కావలెను. అంతయు మార్చినను పాత కణములు నూటికి పదునైదు మిగులునట. ఆ నెత్తురు తల్లి ప్రతిరక్షకములకు లొంగనిది కావలెను గనుక నెగటివ్ జాతిదే కావలెను. మన దేశమున నెగటివ్ నెత్తురుగలవారు నూటికి సుమారు ఐదుగురు. అందును బి తరగతివారు, లేదా ఓ తరగతివారు. అందును క్రొత్తగా తీసిన నెత్తురు. రక్తనిధివారు తమ పుస్తకములోని పేర్లకు ఫోనుచేసిరి. సాయంకాలము ఏడుగంటలకు ఆటో నడుపుకొను నొకతను, ఖాకీ చొక్కాతోనే, వచ్చెను. మావారు చేతులు పట్టుకొనబోగా, "ముందు పిల్లాడి సంగతి చూడండి సార్" అని లోనికి పోయెను. వెలుపలికి వచ్చి కిరాయి ఉన్నదని వెళ్ళిపోయెను. పేరు గూడ అడుగలేకపోతిమి. మా పిల్లవాడు నడచుచున్న వీథిలో ఆయన ఆటో పోవుచుండవచ్చును, ఎవరికిని తెలియదు.

ఆ రాత్రి వరండాలో కూర్చుండి, వైద్యురాలొకతె ఓపికతో చెప్పగా, జరిగినది తెలిసికొంటిని. ఇప్పుడు పురుషులు వినవలెను.

మన ఎర్రకణముల పైపొరయందు 'డి' అను నొక పదార్థము కొందరికి ఉండును, కొందరికి ఉండదు. ఉన్నవారు పాజిటివ్, లేనివారు నెగటివ్. తల్లి నెగటివై తండ్రి పాజిటివైనచో, తండ్రినుండి ఆ పదార్థము బిడ్డకు సంక్రమింపవచ్చును. కాన్పు సమయమున, మాయ విడివడునప్పుడు, బిడ్డ నెత్తురు కొన్ని చుక్కలు తల్లి నెత్తురున కలియును. తల్లి శరీరము దానిని పరాయిదని ఎంచి, దానిని చంపు ప్రతిరక్షకములను తయారుచేసికొనును. అప్పటికి మొదటి బిడ్డ పుట్టి ఒడిలో పాలు త్రాగుచుండును గనుక దానికి సామాన్యముగా భయము లేదు. కాని ఆ ప్రతిరక్షకములు పోవు. రెండవ బిడ్డ కడుపున పడినప్పుడు అవి మాయను దాటి లోనికి పోయి వాని ఎర్రకణములను పగులగొట్టును. మూడవ బిడ్డకు సాధారణముగా ఇంకను తీవ్రము. కడుపులోననే నీరుపట్టి చనిపోవు బిడ్డలును కలరు. ఒక యిల్లాలికి మొదటి బిడ్డ నిలిచి, తరువాతివారు వరుసగా పోవుచుండినచో, మన పూర్వులు దోషములని, దిష్టియని, ఆమె నడచివచ్చిన పాదమని చెప్పుకొనెడివారు. ఎందరు ఇల్లాండ్రు ఆ మాటలు పడిరో!

దీని గుట్టు విప్పుటకు లోకమునకు చాలకాలము పట్టినది. 1939వ సంవత్సరమున లెవైన్, స్టెట్సన్ అనువారు న్యూయార్కున నొక తల్లికి, చనిపోయిన బిడ్డను కన్న పిమ్మట, భర్త రక్తమే ఎక్కింపగా వికటించుట చూచి ప్రకటించిరి. 1940వ సంవత్సరమున లాండ్‌స్టైనర్, వీనర్ అనువారు రీసస్ జాతి కోతి రక్తముతో చేసిన పరిశోధనలవలన ఈ తరగతి బయటపడి, ఆ కోతి పేరే దానికి నిలిచినది. 1960 తరువాతి సంవత్సరములలో లివర్‌పూలునందును న్యూయార్కునందును పనిచేసిన వైద్యులకు ఒక చిత్రమైన ఉపాయము తోచెను. తల్లి శరీరము తానే ప్రతిరక్షకములను తయారుచేసికొనకముందే, తయారైనవానిని కొంచెము బయటినుండి సూదిద్వారా ఇచ్చినచో, అవి బిడ్డ కణములను తుడిచివేయును; తల్లి శరీరము ఆ కణములను గుర్తెరుగకయే ఉండును. ఆ మందు 'యాంటీ-డి' అను పేర 1968వ సంవత్సరమునుండి వాడుకలో నున్నది. కాన్పైన డెబ్బదిరెండు గంటలలోపల ఒక సూది. గర్భము ఇరువదియెనిమిది వారములున్నప్పుడు మరియొకటి. గర్భము పోయినను, నడుమ రక్తస్రావమైనను వైద్యుని అడిగి వేయించుకొనవలెను.

ఆ మందును చాలవరకు మనుష్యుల రక్తమునుండి తీయుదురు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అను నొకాయన పదునాలుగవ యేట ఛాతీ శస్త్రచికిత్సకై ఇతరుల రక్తముతో బ్రదికి, పదునెనిమిదేండ్లు నిండగానే తానును ఇచ్చుట మొదలిడెను. ఆయన రక్తరసమున ఈ ప్రతిరక్షకము మెండుగా నుండెను. 1954 మొదలు 2018 వరకు 1173 మార్లు ఇచ్చెను. అన్నిమార్లును సూది గ్రుచ్చునప్పుడు మొగము ప్రక్కకు త్రిప్పుకొనెడివాడట! 2025వ సంవత్సరమున ఎనుబదియెనిమిదవ యేట చనిపోయెను.

డెబ్బదిరెండు గంటలు! నేను ఆ మాట విని, 2013వ సంవత్సరమునాటి ఆ మూడు దినములను ఒక్కొక్క గంటగా జ్ఞాపకము చేసికొంటిని. ఎవరెవరు వచ్చిరి, ఏమి తింటిని, పిల్లకు ఏ చొక్కా తొడిగితిని. ఆ మూడు దినములలో నెప్పుడు వేసినను ఆ సూది పనిచేసియుండెడిది. ఒక్క సూది. నాకు ఆ కాగితము వ్రాసిన చేతిపై కోపము రాలేదని చెప్పినచో అబద్ధమగును. చాల వచ్చినది. ఇప్పటికిని అప్పుడప్పుడు వచ్చును. ఇప్పుడు నాకు ఆ సూది వేసినను ప్రయోజనము లేదు. నా శరీరము ఒకమారు నేర్చినది మరువదు.

తెల్లవారుజామున రక్తము మార్చుట ముగిసినదని, బిలిరూబిన్ ఎనిమిదికి దిగినదని చెప్పిరి. మరల పదమూడు వరకు ఎక్కి, దీపము క్రింద మెల్లగా తగ్గెను. మూడవనాడు సిస్టరు నన్ను లోనికి పిలిచి ఒడిలో పెట్టినప్పుడు వాడు ఆకలితో పిడికిళ్ళు బిగించి ఏడ్చెను. అంత మంచి ఏడుపు నేను వినలేదు.

పదకొండవనాడు ఇంటికి వచ్చితిమి. ఉయ్యాల సిద్ధముగా నుండెను. పెద్దపిల్ల తలుపు వెనుక నిలువబడి చూచుచుండెను గాని దగ్గరకు రాలేదు. చేతులు రెండును వెనుకకు కట్టుకొనియుండెను. ఇన్నిదినములు విడిచియుంటిని గదా, అలుక యనుకొంటిని. ఒడిని పంచుకొనలేని బాధ అనుకొంటిని. దినములు గడచినను అంతే. నాకు నీళ్ళు తెచ్చియిచ్చును; తమ్ముని తుడుచు గుడ్డ దూరమునుండి విసరును; తాకదు. బారసాలనాడు పిల్లవానిని ఒడిలో పెట్టబోగా పెడబొబ్బ పెట్టి పెరటిలోనికి పారిపోయినది.

బావి ప్రక్కన పట్టుకొని అడిగితిని. చాలసేపటికి, "అమ్మా, నా నెత్తురు చెడ్డదా?" అనెను.

నేను ఆసుపత్రిలో నున్న దినములలో, చూడవచ్చిన పెద్దామె యెవరో, విన్న సంగతిని తన మాటలలో చెప్పినదట. "పెద్దదాని నెత్తురే చిన్నవాడికి విషమైంది" అని. నాలుగేండ్ల పిల్ల ప్రక్కన గిన్నెలతో ఆడుకొనుచుండెను. ఆమె తప్పు చెప్పలేదనియే అనుకొనియుండును. మొదటి బిడ్డ నెత్తురు తల్లిలో కలిసినమాట నిజము గదా! కాని ఆ నిజమును అట్లు చెప్పుటవలన, నేరమంతయు నేరమెరుగని చోటికి పోయి చేరినది. పూర్వము కోడలి పాదమని చెప్పినవారికిని దీనికిని ఏమి భేదము?

నేను బావిగట్టున కూర్చుండబెట్టుకొని చెప్పితిని. "నీ నెత్తురు మంచిది. తమ్ముడి నెత్తురూ నీలాంటిదే. మీ నాన్నదీ అంతే. మీ ముగ్గురిదీ ఒకటే. నాదే వేరు."

అది కొంతసేపు ఆలోచించి, "అయితే నీది చెడ్డదా?" అనెను.

"కాదు. నువ్వు పుట్టినప్పుడు నీ నెత్తురు చుక్క నా ఒంట్లోకి వచ్చింది. నా ఒళ్ళు ఎరగదు కదా, ఎవరో దొంగ వచ్చాడనుకుంది. తలుపుకు కాపలా పెట్టింది. తమ్ముడు వస్తే వాణ్ణీ దొంగే అనుకుంది."

"నేనే అని చెప్పకపోయావా?"

"చెప్పడానికి ఒక సూది ఉంది. అది నాకు వేయలేదు."

"ఎందుకు వేయలేదు?"

దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను. ఒక కాగితముమీద ఒక గీత ఎక్కువ పడినదని చెప్పితిని. 'పాజిటివ్' అనుటకు వైద్యులు కూడికగుర్తు వేయుదురు. 'నెగటివ్' అనుటకు తీసివేతగుర్తు. నేలపై పుల్లతో రెండును గీసి చూపితిని. అది ఆ నిలువు గీతను కాలితో చెరిపి, లేచి లోనికి పోయెను.

ఆ గీత విషయమున మీకందరికిని ఒక మాట. గర్భిణికి ప్రతి కాన్పునకును రక్తపు తరగతి క్రొత్తగా పరీక్షింపుమని అడుగుడు; పాత కాగితమును చూపకుడు. నెగటివ్ అని తేలినచో భర్తది చూడవలెను, కూంబ్స్ పరీక్ష యనునది చేయింపవలెను. ప్రతిరక్షకములు ముందే పుట్టియున్నచో అది తెలుపును. అట్టివారు పెద్ద వైద్యశాలలో, రక్తము సిద్ధముగా నుంచుకొని కాన్పు కావలెను. అంతమాత్రమున బిడ్డలను కనకూడదని కాదు. మా వీథిలో ఇప్పుడు కడుపుతోనున్న పిల్ల యెవరు వచ్చినను మా అత్తగారు మొదట అడుగునది ఎన్నవ నెలయని కాదు, "నీ గ్రూపేమిటే?" అని.

పిల్లవాని సంగతి ఇల్లు చేరగానే ముగియలేదు. మిగిలిన నా ప్రతిరక్షకములు వాని నెత్తురున కొన్నివారములు పనిచేయుచునే యుండును గనుక రెండేసి వారములకు బలము చూపించితిమి. ఫోలిక్ ఆమ్లపు చుక్కలు వేసితిమి. ఆరవ వారమున బలము చాల పడిపోయి, మరియొకమారు కొంచెము రక్తము ఎక్కింపవలసివచ్చెను. పచ్చదనము పోయినది గదాయని ఈ భాగము మానువారు కలరు, మానరాదు. చనుబాలు మానవలసినదని గూడ కొందరు చెప్పిరి, వైద్యులు వలదనిరి. ప్రతిరక్షకములు పాలవలన హాని చేయవట. పగలును రాత్రియు ఎనిమిదినుండి పండ్రెండు మార్లు పాలు త్రాగినచో బిలిరూబిన్ మలముతో సులువుగా పోవును.

మిగిలినది వినికిడి. మూడవ నెలలో చెవికి యంత్రము పెట్టి, మెదడు ధ్వనులను అందుకొనుచున్నదో లేదో చూచెదమని చెప్పియుండిరి. ఆ దినము వచ్చువరకు నేను ఇంటిలో పళ్ళెము క్రిందపెట్టుటకు భయపడితిని. చప్పుడైనప్పుడు వాడు ఉలికిపడకపోయినచో? ఆ భయమును ఎవరికిని చెప్పలేదు. పెద్దపిల్ల మాత్రము ఎట్లో గ్రహించినది.

పరీక్షకు రెండుదినముల ముందు, మధ్యాహ్నపు వేళ, నేను పడుకగదిలో బట్టలు మడచుచుంటిని. ఉయ్యాల కిర్రుమనెను. తొంగి చూడగా, అది దేవుని గదిలోని ఇత్తడి గంట రెండు చేతులతో పట్టుకొని, ఉయ్యాలకు తలవైపున, వానికి కనబడకుండ, మునివ్రేళ్ళపై నిలువబడియున్నది. ఒక్కమారు, చాల మెల్లగా, మ్రోగించెను. వాడు తల త్రిప్పెను. ఆవలిప్రక్కకు పోయి మరల మ్రోగించెను. వాడు ఆవలికి త్రిప్పెను. అప్పుడది గంటను నేలపై పెట్టి, రెండు చేతులను లోనికి చాచి, వాని బుగ్గలను పట్టుకొనెను.

ఎల్లుండి యంత్రము గూడ అదేమాట చెప్పెను. సెలవు.